ఐదో అమ్మాయిని చూడండి

అక్టోబరు శనివారం, ఉదయం తొమ్మిది దాటింది. షికాగోకు పడమటి శివార్లలో ఒక పెద్ద పార్కులో నిలబడి ఉన్నారు మీరు. రాత్రి కురిసిన మంచు గడ్డి మీద ఇంకా ఆరలేదు. మేజోళ్ల దాకా తడి ఎక్కింది. పక్కన మీ అమ్మాయి, పదకొండో తరగతి. ఈ వారం వాళ్ల స్కూలుకు రేసు లేదు. కాలేజీ అమ్మాయిలు ఎలా పరిగెడతారో చూడాలని పొద్దున్నే లేపి తీసుకొచ్చింది మిమ్మల్ని.

మైదానం నిండా కాలేజీల టెంట్లు. వాటి మీద పేర్లు చాలావరకు మీరెప్పుడూ విననివి. మీ ఆఫీసులో, గుడిలో, పుట్టినరోజు పార్టీల్లో వినబడే పేర్లు వేరు: అర్బానా-షాంపేన్, పర్డ్యూ, మిషిగన్. ఇక్కడికి వచ్చినవి రెండు మూడు వేల మంది చదువుకునే చిన్న కాలేజీలు. అమెరికా కాలేజీ క్రీడల లెక్కలో వీటిని డివిజన్ 3 అంటారు.

గడ్డి మీద తెల్లరంగుతో పొడవాటి గీత, దాని వెనక గళ్లు. ఒక్కో గడి ఒక్కో కాలేజీది. అమ్మాయిలు గీత దాటి యాభై గజాలు వడిగా ఉరికి, చేతులు విదిలించుకుంటూ వెనక్కి నడిచొస్తున్నారు. మీకు నాలుగడుగుల దూరంలో ఒకమ్మాయి మోకాలి మీద కూర్చుని స్పైక్స్ లేసులు విప్పి మళ్లీ కడుతోంది. రెండు ముడులు వేసి, మిగిలిన కొసల్ని లేసుల కిందికి దోపింది. బూటు అడుగున ఇనప ముళ్ల మధ్య అప్పుడే బురద, ఎండుగడ్డి ఇరుక్కున్నాయి. ఆమె వేళ్లు చలికి ఎర్రబడ్డాయి. పక్కనున్న అమ్మాయి ఏమీ అనకుండా తన గ్లోవ్స్ తీసి ఆమె ఒళ్లో పడేసింది.

తుపాకీ పేలింది. వందల కాళ్లు ఒక్కసారిగా తడినేలను తొక్కుతుంటే ఆ అదురు మీ అరికాళ్లకు తెలిసింది. గళ్లన్నీ చెదిరి ఒకే గుంపు అయింది. దూరంగా ఉన్న చెట్ల వరసకేసి అది సన్నబడుతూ వెళ్లిపోయింది.

"నాన్నా, ఇటు! మైలు దగ్గర మళ్లీ కనబడతారు, అడ్డంగా వెళ్దాం!"

క్రాస్ కంట్రీ అంటే చూసేవాళ్లు కూడా పరిగెత్తాల్సిన ఆట. గ్యాలరీ లేదు, కుర్చీలు లేవు. అమ్మలు, నాన్నలు, గాయాలతో పక్కన కూర్చోవలసి వచ్చిన సాటి క్రీడాకారిణులు, అందరూ మైదానానికి అడ్డం పడి ఉరుకుతారు. మీరూ ఉరుకుతారు. రొప్పుతూ తాడు దగ్గరికి చేరేసరికి మొదటి అమ్మాయి దూసుకొచ్చింది. మీ కళ్లు ఆమెనే పట్టుకున్నాయి. రెండో అమ్మాయి, మూడో అమ్మాయి. వాళ్లు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా మీ తల వాళ్ల వెంటే తిరిగింది.

"వాళ్లని కాదు నాన్నా. ఐదో అమ్మాయిని చూడు."

"ఏ ఐదో అమ్మాయి?"

"ఒక్కో కాలేజీ నుంచి ఐదో అమ్మాయి."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంది. పెద్ద పోటీల్లో ఒక్కో జట్టు నుంచి ఏడుగురు దిగుతారు, ఇలాంటి రేసుల్లో అంతకంటే ఎక్కువమంది కూడా. మొదటి ఐదుగురు ఎన్నో స్థానంలో వచ్చారో ఆ అంకెలు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లే గెలిచినట్టు. ఒక జట్టులో ముగ్గురు ఒకటి, రెండు, మూడు స్థానాలు కొట్టేసి, నాలుగో అమ్మాయి ముప్ఫయ్యో స్థానంలో, ఐదో అమ్మాయి నలభయ్యో స్థానంలో వచ్చారనుకోండి. మొత్తం 76. ఇంకో జట్టులో ఎవరూ మొదటి ఏడుగురిలో లేరు, కానీ 8, 10, 12, 15, 18 స్థానాల్లో వరసగా వచ్చారు. మొత్తం 63. రెండో జట్టుదే కప్పు. ఆరో అమ్మాయి, ఏడో అమ్మాయి అంకెలు కూడరు గానీ, వాళ్లు అవతలి జట్టు ఐదో అమ్మాయి కంటే ముందొస్తే ఆమె అంకె పెరుగుతుంది. అంటే వాళ్ల పరుగూ వృథా కాదు.

ఇప్పుడు మీకు రేసు వేరేలా కనబడుతుంది. ముందు వెళ్లినవాళ్లను వదిలేసి వెనక గుంపులో రంగులు వెతుకుతున్నారు. ఒకే రంగు బనియన్లు నాలుగు, మోచేతులు తగిలేంత దగ్గరగా మీ ముందు నుంచి వెళ్లాయి. నాలుగో అమ్మాయి కాస్త వెనకబడింది. ముందున్న అమ్మాయి వెనక్కి తిరగకుండానే ఎడమచేత్తో రమ్మన్నట్టు సైగ చేసింది. వెనకబడిన అమ్మాయి రెండు పెద్ద అంగలు వేసి మళ్లీ గుంపులో కలిసింది. రెండు సెకన్ల వ్యవహారం. తాడు దగ్గర నిలబడకపోతే మీకు తెలిసేదే కాదు.

ఆడపిల్లలకు ఇక్కడ 6 కిలోమీటర్లు, మగపిల్లలకు 8. మొదట వచ్చినవాళ్లు గీత దాటి, కొందరు గడ్డి మీద వాలిపోయి, కొందరు నడుం మీద చేతులు వేసుకుని ఆయాసపడుతున్నారు. పేర్లు, టైములు బోర్డు మీద పడుతున్నాయి. చాలామంది తల్లిదండ్రులు అటే వెళ్లారు. మీరు కదలకండి. అసలు చూడవలసింది ఇప్పుడే మొదలవుతుంది.

ఇంకా పరిగెడుతున్నవాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరుగా, చాలా ఎడంగా వస్తున్నారు. ముఖాలు ఎర్రగా కందిపోయాయి, ఒకమ్మాయికి మోకాలి దాకా బురద. ఆమె కాలేజీ జట్టు ఎక్కడుంది? తాడు పొడవునా చూడండి. ఒక జట్టు అప్పుడే టెంట్ కింద చేరి అరటిపళ్లు తింటోంది. చివరి అమ్మాయి ఒంటరిగా వచ్చి, ఒంటరిగా గీత దాటి, నీళ్ల సీసా తనే వెతుక్కుంది. ఇంకో జట్టులో ఐదు నిమిషాల కిందటే పరుగు ముగించినవాళ్లు స్వెటర్లు కూడా వేసుకోకుండా, చెమట చల్లబడుతుంటే వణుకుతూ, చివరి వంద గజాల దగ్గర తాడు మీదికి వంగి తమ ఆఖరి అమ్మాయి పేరు పెట్టి అరుస్తున్నారు. కోచ్ ఆమె టైము చూసి, కాగితం మీద రాసి, ఆమె నడుస్తుంటే పక్కనే నడిచాడు. ఏదో అన్నాడు. ఆమె నవ్వింది.

ఏ కాలేజీ మంచిదో మీకు ఈ తాడు దగ్గరే సగం తెలిసిపోయింది.

మనం పెరిగిన చోట కాలేజీని ఇలా చూడటం ఎవరూ నేర్పలేదు. ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్ల నిండా పాస్‌పోర్టు ఫొటోలు, కింద ర్యాంకులు. వాటిని చూసే మన అమ్మానాన్నలు అప్పు చేసి మరీ ఫీజు కట్టారు. అదే కాలేజీలో, అదే సెక్షన్లో కూర్చుని, ఫొటోకెక్కని మిగతా పిల్లలు ఏమయ్యారని మనం అడగలేదు. మనలో ఎక్కువమందిమి ఆ మిగతా పిల్లలమే. అందుకే ఈ ప్రశ్న మన దగ్గర్నుంచే రావాలి. మా అమ్మాయి మీ జట్టులో పదహారో స్థానంలో ఉంటే ఆమెకు ఇక్కడ ఏం దొరుకుతుంది? కాలేజీని ఎంచుకోవడానికి నాకు తెలిసిన గట్టి ప్రశ్న ఇదొక్కటే.

ఆ ప్రశ్నతోనే మధ్యాహ్నం కారు నేపర్‌విల్ నడిబొడ్డుకు వచ్చింది. షికాగో యూనియన్ స్టేషన్ నుంచి వచ్చే మెట్రా రైలు పక్కనుంచే వెళ్తోంది. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దగ్గర్లో నార్త్ సెంట్రల్ కాలేజీ ఉంది. ఈ ఊళ్లో, పక్కనున్న అరోరాలో తెలుగు కుటుంబాలు బోలెడు. అరోరా బాలాజీ గుడికి వెళ్తూ వస్తూ ఈ వీధుల్లో ఎన్నోసార్లు తిరిగి ఉంటారు మీరు. ఈ గేటు లోపలికి ఎప్పుడూ రాలేదు.

లోపలికి రండి. రాతి గోడలతో, గోపురంతో నిలబడ్డది ఓల్డ్ మెయిన్. 1861లో ప్లెయిన్‌ఫీల్డ్‌లో పెట్టిన కాలేజీ 1870లో నేపర్‌విల్‌కు మారినప్పటి కట్టడం. కాస్త నడిస్తే స్టేడియం, దాని చుట్టూ ట్రాక్. ఇంకాస్త నడిస్తే మీ అమ్మాయి ఆగిపోయే చోటు. ఒకే భవనంలో మధ్యన 200 మీటర్ల ఇండోర్ ట్రాక్, దాని చుట్టూ విద్యార్థుల హాస్టల్ గదులు. 2009లో తెరిచారు. జనవరిలో ఈ ఊళ్లో చలి సున్నాకు ఇరవై సెల్సియస్ డిగ్రీలు కిందికి దిగే రోజులుంటాయి. అలాంటి పొద్దున గది తలుపు తీసుకుని చెప్పులతోనే ట్రాక్ మీదికి వెళ్లొచ్చు. మీ అమ్మాయి రబ్బరు ట్రాక్ మీద బొటనవేలితో నొక్కి చూసింది. మాట్లాడలేదు.

దూరపు పరుగు ప్రపంచంలో ఈ చిన్న కాలేజీ చాలా పెద్ద పేరు. ఇల్లినాయి విశ్వవిద్యాలయం తరఫున పరుగెత్తిన ఆల్ కేరియస్ 1966లో ఇక్కడికి కోచ్‌గా వచ్చారు. డివిజన్ 3లో మగపిల్లల క్రాస్ కంట్రీ జాతీయ టైటిల్‌ను ఈ జట్టు మొదట 1975లో గెలిచింది, 2018 నాటికి 19 సార్లు గెలిచింది. ఆయన పిల్లలకు నేర్పిన సూత్రంలో గెలుపు అన్న మాట లేదు. సరదాగా పరుగెత్తు, నీ పాత టైమును నువ్వే దాటు, అంతే. ఆ సూత్రం జట్టులో మొదటివాడికీ, ఆఖరివాడికీ ఒకేలా వర్తిస్తుంది. తన టైమును తాను తగ్గించుకోవడం ఇద్దరికీ సాధ్యమే. అన్ని టైటిళ్లు రావడానికి కారణం నాకు అందులోనే కనబడుతుంది. కప్పు తేల్చేది ఐదో మనిషి. పదిహేనో మనిషి రోజూ కాస్త మెరుగుపడుతుంటేనే ఐదో మనిషి చోటు గట్టిగా ఉంటుంది.

ఈ శివార్లలో ఈ పాఠం మరోచోట కూడా రుజువైంది. దగ్గర్లోని ఎల్మ్‌హర్స్ట్‌లో యార్క్ హైస్కూలు కోచ్ జో న్యూటన్ 28 రాష్ట్ర టైటిళ్లు గెలిచారు. ఆయన జట్టులోకి రాదల్చుకున్న ఏ అబ్బాయినీ కాదనలేదు. వంద మందికి పైగా పిల్లలు, అందరినీ పేరు పెట్టి పిలిచేవారు.

ఒక్క జాగ్రత్త. మగపిల్లల జట్టు కీర్తి చూసి ఆడపిల్లను చేర్చేయకూడదు. చాలా కాలేజీల్లో రెండు జట్ల కోచ్‌లు వేరు, పద్ధతులు వేరు. ఆడపిల్లల జట్టును దాని లెక్కన దాన్నే చూడాలి. అందుకే మీ అమ్మాయి ఇప్పుడు మిమ్మల్ని వదిలి వెళ్లాలి.

"నువ్వు రాకు నాన్నా. నేనొక్కదాన్నే మాట్లాడతా."

జట్టు అమ్మాయిలతో కలిసి భోజనానికి వెళ్లింది. మీరు నది వైపు నడిచారు. డుపేజ్ నది పక్కన ఇటుకల బాట, కప్పున్న వంతెనలు. మీకు వెళ్లాలనిపిస్తుంది, ఆ బల్ల దగ్గర కూర్చుని అన్నీ మీరే అడగాలనిపిస్తుంది. వెళ్లకండి. నాన్న ఎదురుగా ఉంటే ఆ పిల్లలు నిజం చెప్పరు, మీ అమ్మాయి నిజమైన ప్రశ్న అడగదు. ఆమె ఫోన్లో రాసుకున్న ప్రశ్నలు పొద్దున కార్లో మీకు చదివి వినిపించింది. అవి చాలు.

మీతోపాటు మొదటి ఏడాది చేరినవాళ్లలో నాలుగో ఏడాది దాకా ఎంతమంది మిగిలారు? మానేసినవాళ్లు ఎందుకు మానేశారు? మొదటి ఏడాది అమ్మాయి చేత వారానికి ఎన్ని మైళ్లు పరిగెత్తిస్తారు, ఆ అంకె ఎవరు నిర్ణయిస్తారు? గాయమైనవాళ్లు ప్రాక్టీసుకు వస్తారా, వాళ్లకు ఏ పనిస్తారు? కెమిస్ట్రీ ల్యాబ్ సాయంత్రం నాలుగింటికి పడితే కోచ్ ఏమంటారు? జట్టులో నర్సింగ్, ఇంజనీరింగ్ చదివేవాళ్లు ఉన్నారా? బరువు గురించి ఎవరైనా ఎప్పుడైనా మాట్లాడారా?

ఆఖరి ప్రశ్న ఆమె చదువుతుంటే మీరు స్టీరింగ్ మీద చేయి బిగించారు. అడగవలసిన ప్రశ్నే. దూరం పరిగెత్తే ఆడపిల్లలు తిండి తగ్గించుకుంటే నెలసరి ఆగిపోతుంది, ఎముకల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. మన ఇళ్లలో శాకాహారం తినే పిల్లలకు ఇనుము తగ్గే ప్రమాదం ఎక్కువ. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఒంట్లో ఇనుము నిల్వ పడిపోయి ఉండొచ్చు. అందుకే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తారా అని అడగాలి. హాస్టల్ మెస్సులో పప్పుధాన్యాలు, ఆకుకూరలు రోజూ ఉంటాయో లేదో కళ్లతో చూసి రావాలి. సన్నబడితే వేగం పెరుగుతుందని చెప్పే కోచ్ ఎన్ని కప్పులు గెలిచినా సరే, ఆ గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరగండి.

నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని మీరు డబ్బు లెక్క వేసుకుంటున్నారు. డివిజన్ 3 కాలేజీలు పరుగు కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు, ఇవ్వకూడదన్నది నియమం. మొదట వినగానే నిరాశగా ఉంటుంది. కాసేపు ఆలోచించండి. కాలేజీ ఇచ్చే సాయం మార్కులను బట్టి, కుటుంబ ఆదాయాన్ని బట్టి వస్తుంది, కాళ్లను బట్టి రాదు. రెండో ఏడాది మోకాలు దెబ్బతిని పరుగు మానేసినా ఆ సాయం పోదు. ఫీజుల పట్టికలో రాసిన అంకె చూసి బెదిరిపోవద్దు. నిజంగా ఎంత కట్టాలో అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఫెడరల్ సాయం అందే ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో ఉండాలన్నది చట్టం. పౌరులకు, గ్రీన్ కార్డున్నవాళ్లకు ఫెడరల్ సాయం అందుతుంది. హెచ్-4 వీసా మీదున్న పిల్లలకు అది అందదు. వాళ్లకు కాలేజీ సొంత డబ్బుతో ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్పే ముఖ్య ఆధారం. ఆ పిల్లలకు ఇస్తారో లేదో అడ్మిషన్ల ఆఫీసులో మొదటి రోజే అడగండి. మొహమాటపడితే నాలుగేళ్లు మీదే భారం.

అంత చిన్న కాలేజీలో చేరితే పైకి రావడం కష్టమనే బెంగ కూడా ఉంటుంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ మొట్టమొదటిసారి జరిగింది. గెలిచిన జోన్ బెనోయిట్ చదివింది మెయిన్ రాష్ట్రంలోని బోడిన్ అనే చిన్న కాలేజీలో. 2013లో మాస్కో ప్రపంచ పోటీల్లో 800 మీటర్ల వెండి పతకం గెలిచిన నిక్ సిమండ్స్ ఆరెగన్‌లోని విల్లమెట్ యూనివర్సిటీ పిల్లవాడు, అదీ డివిజన్ 3. మీ అమ్మాయి ఒలింపిక్స్‌కు వెళ్లకపోవచ్చు. దారి మాత్రం అక్కడా మూసుకుపోలేదు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో పరిస్థితి ఇందుకు భిన్నంగా మారుతోంది. 2025లో కోర్టు ఆమోదించిన కాలేజీ క్రీడల ఒప్పందంలో చేరినచోట క్రాస్ కంట్రీ జట్టులో 17 మందికి మించి ఉండకూడదు. పద్దెనిమిదో అమ్మాయికి అక్కడ చోటే లేదు.

తిరుగు ప్రయాణంలో చాలాసేపు ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత ఫోన్లో పొద్దుటి రేసు ఫలితాలు తెరిచింది. మూడు మైళ్లు 19 నిమిషాల 20 సెకన్లలో పరిగెత్తే అమ్మాయి అదే వేగం నిలబెట్టుకుంటే 6 కిలోమీటర్లు దాదాపు 24 నిమిషాల్లో ముగిస్తుంది. ఆ టైముతో ఈ రోజు ఏ జట్టులో ఎన్నోదాన్నయి ఉండేదాన్నని ఒక్కో కాలేజీనీ చూసుకుంటోంది.

"దీంట్లో నాలుగోదాన్ని. దీంట్లో తొమ్మిది. ఇక్కడైతే పద్నాలుగు."

"నాలుగోదానివయ్యే చోటికే వెళ్లొచ్చుగా తల్లీ?"

"ఆ జట్టు పాత ఫలితాలు చూశా నాన్నా. నాలుగో ఏడాది వాళ్లు మొదటి ఏడాది ఎంతలో పరిగెత్తారో, ఇప్పుడూ అంతలోనే పరిగెడుతున్నారు. ఇక్కడ పద్నాలుగో అమ్మాయి రెండేళ్లలో నిమిషం తగ్గించింది."

మీకు ఏం చెప్పాలో తోచలేదు. అంత లెక్క మీరు వేయలేదు.

"ఎప్పటికీ మొదటి ఏడుగురిలోకి రాకపోతే నీకు పర్వాలేదా?" అని ఆమే అడిగింది.

ఈ ప్రశ్న మీ కోసమే ఇంతసేపూ ఆగింది. ఫొటోలో ఉండాలని పెంచారు మిమ్మల్ని. మీరు పర్వాలేదని ఊరికే అంటే ఆమెకు తెలిసిపోతుంది. పొద్దున తాడు దగ్గర చూసింది తలుచుకోండి. చివరి అమ్మాయి కోసం వణుకుతూ నిలబడ్డ ఆ జట్టు మధ్య మీ అమ్మాయిని నిలబెట్టి చూడండి. తెల్లవారుజామున లేచి పదిమందితో కలిసి పరిగెత్తి, తడిజుట్టుతో ఎనిమిదింటి క్లాసుకు వెళ్లి, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే గదికి అన్నం పట్టుకెళ్లే నాలుగేళ్లు. ఏడుగురిలోకి రాకపోయినా ఆ నాలుగేళ్లు ఆమెవే.

"పర్వాలేదు" అని చెప్పండి. నిజంగా అనుకునే చెప్పండి.

రేపు ఆదివారం. కోచ్‌కు ఈమెయిల్ రాయాలి. డివిజన్ 3 కోచ్‌లు పదకొండో తరగతి పిల్లలతో మాట్లాడతారు. చాలా కాలేజీల్లో పదకొండో తరగతి అయ్యాక వచ్చే వేసవిలో మార్కులు చూసి సీటు వచ్చే వీలుందో లేదో ముందే చెబుతారు. టైములు, మార్కులు, చదవాలనుకున్న సబ్జెక్టు, ఒక పేరాలో తన గురించి, అంతే చాలు. ఆ మెయిలు ఆమే రాయాలి. మీరు అక్షరం కూడా దిద్దకండి. కోచ్‌కు తెలియవలసింది ఆమె గొంతు. ఆఖర్న ఆమె ఒక్క ప్రశ్న అడగాలి: మీ జట్టులో అందరికంటే వెనక వచ్చే అమ్మాయి ఈ ఏడాది ఎంత మెరుగుపడింది?

లెక్క చూడకుండానే ఆ అమ్మాయి పేరు, టైము చెప్పగల కోచ్ ఉన్న కాలేజీని మొదటి వరసలో పెట్టండి. మిగతా కాలేజీలు ఎంత పేరున్నవైనా ఆ తర్వాతే.